ముందర మోటరు, వెనక మోటరు

ఆ పొద్దు మౌలాలి వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఎండ ఎక్కకముందే ఎర్రన్నకు ఒక కారు అమ్మాలి. పొద్దు వాలాక గంగులమ్మకు ఇంకొకటి అమ్మాలి. ఇద్దరూ ఎదురుపడకుండా చూసుకుంటే చాలు.

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద అతనిది బోరు మోటర్ల అంగడి. ఈ మధ్య బెంగళూరు నుంచి వాడిన కరెంటు కార్లు మూడు తెచ్చి అంగడి ముందు నిలబెట్టాడు. ఎర్రన్నది, గంగులమ్మది రాజుపాలెం దగ్గర ఒకే పల్లె, వేరు వేరు పార్టీలు. అంగడి ఎదురుగా ఉన్న టీ హోటళ్లు కూడా రెండు. ఒక పార్టీవాళ్లు తాగే హోటల్లో రెండో పార్టీవాళ్లు మంచినీళ్లు కూడా ముట్టరు. మౌలాలి అంగట్లో మాత్రం బెంచీ ఒక్కటే. బాంబులు పేలిన ఏండ్లలో కూడా అతని తండ్రి షంషుద్దీన్ రెండో బెంచీ వేయలేదు. ఎవరొచ్చినా దాని మీదే కూర్చోబెట్టి, వాళ్ల హోటలు నుంచే వాళ్లకు టీ తెప్పించేవాడు. రెండు పార్టీలూ అడుగుపెట్టే అంగడి కాబట్టే అది ఇన్నాళ్లూ నిలిచింది. ఒక పక్క తెగిపోతే మిగిలిన సగంతో మూతే.

"టీవీలో ఏందో పొత్తు అంటాండారు," అంది అతని భార్య దిల్షాద్‌బీ చద్దిమూట కడుతూ.

"పైవాళ్ల పొత్తు మనకెందుకు? నన్ను యాపారం చూసుకోనీ," అని మౌలాలి టీవీ కట్టేసి బయల్దేరాడు.

ఎర్రన్న వస్తూనే బెంచీ మీద కూర్చుని మూడు కార్లనూ చూశాడు. వెంట అతని మనిషి కుళ్లాయప్ప ఉన్నాడు.

"యాది మంచిదో అది చెప్పు మౌలాలీ. ఆ యమ్మ కొనేదానికంటే మంచిది కావల్ల."

ఏది మంచిదో చెప్పకూడదనేది మౌలాలి నాయన నేర్పిన మొదటి పాఠం. తేడా చెప్పి ఊరుకోవాలి.

"దీంట్లో అయస్కాంతం మోటరు అన్నా. తిరిగే దాంట్లోనే అయస్కాంతాలు పెట్టింటారు. కరెంటు తక్కువ తింటాది. పులివెందులకు పొయ్యొచ్చినా చార్జింగు మిగుల్తాది."

"అయస్కాంతం," అని ఎర్రన్న మీసం దువ్వాడు. "పట్టుకుంటే వదల్దు. మన పార్టీ మాదిరే."

కారు అమ్ముడుపోయింది. సాయంత్రం గంగులమ్మ వచ్చింది. మాజీ సర్పంచి, మాటకు మాట అప్పజెప్పే మనిషి.

"ఎర్రన్న అయస్కాంతం కొన్యాడంట కదా. నాకేం చూపిస్తాండావు?"

"ఇది ఇండక్షన్ మోటరు అక్కా. అయస్కాంతమే ఉండదు. రాగి చుట్లలో పారే కరెంటుతోనే తిరుగుతాది. మన బోరు మోటర్ల జాతే. చార్జింగు రవ్వంత ఎక్కువ తింటాది గానీ, మన ఎండలకు జంకదు."

గంగులమ్మకు అందులో తనకు కావలసింది దొరికింది. మరుసటి రోజు పల్లెలో కారు దిగి, చేరినవాళ్లతో అంది: "మావాళ్లను పట్టుకునేదానికి మాకు అయస్కాంతాలు అక్కరల్యా. మావాళ్లు వాళ్లంతట వాళ్లే మావెంట తిరుగుతారు."

అక్కడితో మోటరుకు కూడా పార్టీ పట్టుకుంది.

మొదట కుళ్లాయప్ప ఫోను చేశాడు. "మామా, మా బోరులో ఉండేది యా మోటరు?"

మౌలాలి ఆలోచించకుండా "ఇండక్షనే, పల్లెలో అందరివీ అవే," అన్నాడు. అవతల ఫోను పెట్టేశాడు. వేరుశనగకు తడి కట్టే రోజుల్లో, తన బోరులో ఇంతకాలం గంగులమ్మ మోటరు తిరుగుతోందని ఆ మనిషికి అప్పుడే తెలిసింది.

ఆ వార్తకు గంగులమ్మ పక్క రెండు రోజులు నవ్వుకున్నారు. తర్వాత వాళ్లలో ఎవరో తెలుసుకున్నారు, కరెంటు తక్కువ తింటాయని మౌలాలి అంగట్లో కొన్న కొత్త ఫ్యాన్లలో ఉన్నవి అయస్కాంతాలని. రాత్రంతా ఎర్రన్న గాలి కింద పడుకున్నామని వాళ్లకు నిద్ర పట్టలేదు.

సోమవారం మౌలాలి అంగడి తీసేసరికి ఒక వైపు ట్రాక్టరు ఆగి ఉంది. గొలుసు వేసి బోర్లలోంచి పైకి లాగిన మోటర్లు అందులో బురదతో ఉన్నాయి. ఇంకో వైపు ఆటోల నిండా ఫ్యాన్లు. ట్రాక్టరు ముందు ఎర్రన్న కారు, ఆటోల ముందు గంగులమ్మ కారు. చుట్టుపక్కల అంగళ్లవాళ్లు ఒక్క మాట కూడా అనకుండా షట్టర్లు దించేశారు. ఆ చప్పుడు మౌలాలి చిన్నప్పుడు విన్నదే.

"మాకు బోరుకు అయస్కాంతం మోటర్లు కావల్ల," అన్నాడు కుళ్లాయప్ప.

"ముందు మా ఫ్యాన్లు మార్చు," అంది గంగులమ్మ.

"వాటికీ పార్టీకీ ఏం సంబంధమక్కా? మోటరుకు ఓటు ఉందా?"

"అదంతా వద్దు," అన్నాడు ఎర్రన్న. అతని చూపు మూడో కారు మీద పడింది. మౌలాలి రోజూ ఇంటికీ అంగడికీ తిరిగేది దాంట్లోనే. "నువ్వు తిరిగే కార్లో ఏముంది? అది చెప్తే నువ్వు యాపక్కో తెలుస్తాది."

మౌలాలి బెంచీ వైపు చూశాడు. ఏది చెప్పినా దాని సగం ఖాళీ అవుతుంది. అబద్ధం చెబుదామంటే బానెట్ తెరిచి చూసే మనుషులు.

"రెండూ ఉండాయి. ముందర ఇండక్షను, వెనక అయస్కాంతం."

ఇద్దరూ వంగి ఆ కారు ముందూ వెనకా చూశారు.

"మాది వెనకనా?" అన్నాడు ఎర్రన్న.

"వెనకుండేదే బండిని ఎప్పుడూ తోసేది అన్నా. ముందరిది ఊరికే ఉంటాది."

"మాది ఊరికే తిని కూచుంటాదా?" అంది గంగులమ్మ.

"గడ్డ ఎక్కాలన్నా, బురదలోంచి లేయాలన్నా ముందరిది పట్టాల్సిందే అక్కా."

"అంటే మాది బురదకు పనికిరాదా?" అంటూ ఎర్రన్న ఒక అడుగు ముందుకేశాడు. గంగులమ్మ మనుషులు ఆటోల నుంచి దిగారు. కుళ్లాయప్ప చేతిలోకి పానా ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

అప్పుడు ఎర్రన్న ఫోను మోగింది. వెంటనే గంగులమ్మదీ మోగింది. ఇద్దరూ అటు తిరిగి ఒకరు, ఇటు తిరిగి ఒకరు విన్నారు. "సరే సార్," అని ఇద్దరూ ఒకే మాటతో ఫోన్లు జేబులో ఒకరు, సంచిలో ఒకరు పెట్టుకున్నారు.

పైన రెండు పార్టీలకూ పొత్తు కుదిరింది. రేపు అభ్యర్థి వస్తున్నాడు. అతనికి చెరో పక్క కూర్చుని ఇద్దరూ ఒకే బండిలో ఊరేగాలి.

ఎర్రన్న వచ్చి బెంచీ ఈ కొసన కూర్చున్నాడు. గంగులమ్మ ఆ కొసన కూర్చుంది. మధ్యన ఇంకో ఇద్దరు పట్టే జాగా ఉంది.

"నా కార్లో ఆ యమ్మ కూచోదు," అన్నాడు ఎర్రన్న నేల చూస్తూ.

"నా కార్లో ఆయప్పను నేను ఎక్కించుకోను," అంది గంగులమ్మ రోడ్డు చూస్తూ.

ఇద్దరూ తలలెత్తి మూడో కారును చూశారు. ఇద్దరి పేరుమీదా దాన్ని ఆ పూటే కొని తీసుకుపోయారు. ఆ సాయంత్రం మౌలాలి నడిచి ఇంటికి పోయాడు. పోయేముందు ఫ్యాన్లను ఆటోల్లోనే, మోటర్లను ట్రాక్టరులోనే తిరిగి పంపి, రాత్రికి మోటర్లు బోర్లలో దించమని కుళ్లాయప్పకు గట్టిగా చెప్పాడు. వేరుశనగ బతికింది.

"పొత్తని నేను చెప్పలా?" అంది దిల్షాద్‌బీ. అతను టీవీ పెట్టి కూర్చున్నాడు.

ఎన్నికలు అయ్యాయి. ఫలితాలొచ్చిన వారానికే పొత్తు విడిపోయింది. మర్నాడే ఎర్రన్న, గంగులమ్మ ఆ కారు తోలుకుని అంగడికి వచ్చారు. ఇద్దరికీ ఒకటే సందేహం.

"మౌలాలీ, దీంట్లో ముందర మోటరు, వెనక మోటరు విడదీసి చెరొకటి ఇయ్యొచ్చునా?"

మౌలాలి ఇద్దరికీ బెంచీ చూపించి, టీ కోసం రెండు హోటళ్లకూ ఫోను చేశాడు.