స్లాబు మీద నారు

పెళ్లి సెలవు అయిపోయి మళ్లీ పనిలో చేరే రోజున సాయిప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బాన్సువాడ ఊరి చివర, బోధన్ రోడ్డు పక్కన, రైతు రత్తయ్య కట్టించుకుంటున్న ఇంటికి పొద్దున్నే చేరుకోవాలి. పెళ్లికి వెళ్లేముందు తాను పోయించిన స్లాబు మీద నిలబెట్టిన నీళ్లు వదిలేయాలి. పై అంతస్తు పిల్లర్లకు గుర్తులు గీయాలి. కాంట్రాక్టరు గోపీచంద్ వచ్చేసరికి చేతిలో టేపు పట్టుకుని, మొహాన కాస్త చెమట పట్టించుకుని కనిపించాలి.

కనిపించకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. తనతోపాటు చేరిన ఇద్దరు ఇంజనీర్లను గోపీచంద్ ఎండాకాలంలోనే ఇంటికి పంపేశాడు. "దసరాకల్లా ఈ ఇల్లు పూర్తయితే నీ ఉద్యోగం పర్మనెంటు. ఒక్క పని వెనకబడిందా, మళ్లీ అప్లికేషన్లు పెట్టుకో" అని, సాయిప్రసాద్ చేతిలోంచి పెళ్లి పత్రిక అందుకుంటూనే చెప్పాడు. చెప్పి, భోజనాలు ఎన్నింటికని అడిగాడు.

ఆ పొద్దున బండి వెనక భావన కూడా ఎక్కింది. చేతుల గోరింటాకు ఇంకా వెలిసిపోని ఆ కొత్త పెళ్లికూతురికి ప్రపంచంలో ప్రతిదీ ముద్దొస్తోంది. మొగుడు తెచ్చిచ్చిన పసుపుపచ్చ హెల్మెట్ ముద్దొచ్చింది. ఒళ్లో సర్వపిండి డబ్బా వెచ్చగా తగలడం ముద్దొచ్చింది. కాలువ గట్టు మీద కొంగలు వరసగా నిలబడి ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుండటం మరీ ముద్దొచ్చింది.

"బావా, నీ స్లాబు నాకు చూపెట్టవా? జిందగీల ఫస్టు స్లాబు అంటివి గదా!"

"స్లాబుల చూసేదానికి ఏముంటదే? నీళ్లుంటయి, గంతే."

నీళ్లు ఉన్నాయి. నీళ్లలో నారు కూడా ఉంది.

స్లాబు ఈ కొసనుంచి ఆ కొసదాకా పచ్చటి దుప్పటి కప్పుకుంది. నడిమధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, పాదాలు నీళ్లలో పెట్టుకుని రత్తయ్య కూర్చున్నాడు. ఆయన భార్య సీతారావమ్మ వంగి కలుపు ఏరుతోంది.

"ఇదేంది రత్తయ్యగారూ!"

"నారయ్యా ఇంజనీరూ. ఎంత ఒత్తుగా లేచిందో చూడు. పొలంలో పోసిందంతా అడవిపందులు దున్నేసినయ్. ఇక్కడేమో నువ్వు ముచ్చటగా మళ్లు కట్టించి, నీళ్లు నిలబెట్టి పోయావు. పందులు మెట్లెక్కవు గదా అని పల్చగా మట్టి పరిచి మొలక వడ్లు చల్లాం."

కాంక్రీటు గట్టిపడేదాకా తడి ఆరకూడదు కాబట్టి స్లాబు మీద చిన్న చిన్న గట్లు కట్టి నీళ్లు నిలపడం ఏ సైటులోనైనా చేసే పనే. ఆ గట్లను చూసి ఊరుకోలేకపోవడం వరి రైతు జబ్బు. సాయిప్రసాద్ పెళ్లిపీటల మీదనుంచి కూడా ఫోన్ చేసి "నీళ్లున్నయా?" అని అడిగాడు. "నిండుగా ఉన్నాయి బాబూ" అని రత్తయ్య చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఇతను ఇంకేమీ అడగలేదు. సైటు పనిలో ఫోన్లో విన్నది సగం పనే, కంటితో చూసిందే పని అని కాలేజీలో ఎవరూ చెప్పరు.

"ఇప్పుడే పీకెయ్యాలె. సార్ వస్తుండు. పిల్లర్ల మార్కింగ్ చెయ్యాలె."

"పదిరోజులాగు. నాట్లకి అందుకుంటుంది."

"పదిరోజులాగితే నా నౌకరి పోతది!"

"పీకితే నా పంట పోద్ది. విత్తనాలు కూడా మిగల్లేదు. ముందు నన్ను పీకు, తర్వాత నారు పీకుదువుగాని" అని రత్తయ్య కుర్చీని ఇంకాస్త బురదలోకి నొక్కాడు.

అదే సమయానికి గోపీచంద్ ఫోన్ చేశాడు. "బయల్దేరాను. మార్కింగ్ మొదలైందా?"

"అయితుంది సార్" అన్నాడు సాయిప్రసాద్. కాంక్రీటు గట్టిపడటానికి వారాలు కావాలి, అబద్ధానికి అర నిమిషం చాలు.

నారు దాచాలి. సిమెంటు బస్తాల మీద కప్పిన పెద్ద నీలం టార్పాలిన్ లాక్కొచ్చి స్లాబంతా పరిచాడు. సీతారావమ్మ వెనకాలే వచ్చి అంచులు లేపింది. "నారు ఉక్కపోతకి మాడిపోద్దయ్యా, గాలాడనీ." అతను ఈ మూల కప్పితే ఆవిడ ఆ మూల తీసింది. చివరికి, కుర్చీ దిగని రత్తయ్యతో సహా ముగ్గురూ టార్పాలిన్ కిందే వంగి, గుసగుసగా పోట్లాడుకోవడం మొదలుపెట్టారు.

మెట్ల దగ్గర నిలబడి ఇదంతా చూసిన భావనకు నవ్వు ఆగలేదు. మొగుడి నౌకరి సంగతి గుర్తొచ్చి ఆపుకోవాలనుకుంది. ఆపుకున్నకొద్దీ అది ఇంకా పెరిగింది. కిందికి దిగి, గేటు దగ్గర ఇసుక కుప్ప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరిపోయేలా నవ్వసాగింది. కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి.

సంతకు కూరగాయల గంప మోసుకుపోతున్న లింగవ్వ ఆగింది. కొత్త పుస్తెలు. గోరింటాకు చేతులు. ఏడుపు.

"ఏమైంది బిడ్డా?"

భావన మాట్లాడలేక స్లాబు వైపు చెయ్యి చూపించింది. లింగవ్వ తలెత్తి చూసింది. పైన పొడుగ్గా కప్పిన నీలం గుడ్డ. గేటు దగ్గర ఇంజనీరు బండి. ఇంజనీరు లేడు.

"అయ్యో నా తల్లీ! పారాణన్న ఆరకపాయె!" అని గుండెలు బాదుకుంటూ లింగవ్వ సంత దారి పట్టింది.

సంతకు చేరిన కబురులో చచ్చిపోయింది ఇంజనీరు ఒక్కడే. హోటల్ దగ్గరికి వెళ్లేసరికి స్లాబు కూలి, ఇంటి యజమానీ భార్యా కూడా పోయారు. ఆ కబురు సెంట్రింగ్ మేస్త్రి వెంకట్రాములు చెవిన పడింది. స్లాబు కింద నిలబెట్టిన ఇనుప జాకీలు, రేకులు అన్నీ అతనివే. పోలీసులొస్తే సామానంతా స్టేషనుకు చేరుతుంది, ఇక మనుమలకే దక్కుతుంది. అతను ట్రాలీ ఆటో, ఇద్దరు మనుషులను తీసుకుని ఆగమేఘాల మీద వచ్చాడు. స్లాబు నిలబడే ఉందని గమనించే తీరిక అతనికి లేకపోయింది. వెనకాలే ఊరు ఊరంతా వచ్చింది.

టార్పాలిన్ కింద పోట్లాడుతున్న సాయిప్రసాద్‌కు కాళ్ల కిందనుంచి ఠంగుమని చప్పుడు వినిపించింది. మళ్లీ ఒకటి. కింద ఎవరో జాకీలు ఊడదీస్తున్నారు. హాలు చాలా పెద్దది, స్లాబు ఇంకా పచ్చిది. పైన మట్టి, నీళ్లు, ముగ్గురు మనుషులు. జాకీలు మొత్తం తీసేస్తే పుకారు కాస్తా నిజమవుతుంది.

"కదలకుండ్రి!" అని ముసలివాళ్లకు చెప్పి, టార్పాలిన్ చీల్చుకుని, ఒళ్లంతా బురదతో మెట్లమీదుగా దూకాడు. జనం కెవ్వుమని వెనక్కి తగ్గారు. లింగవ్వ గంపతో సహా కూలబడింది.

"ఆపు! జాకీ ముట్టకు!"

వెంకట్రాములు సుత్తె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "నువ్వు... నువ్వు సచ్చినవ్ గద సారూ!"

"సచ్చినోన్ని చెప్తున్న, మళ్ల నిలబెట్టు!"

రెండు జాకీలు మళ్లీ బిగించేదాకా ఎవరూ ఊపిరి తీసుకోలేదు. అందరికంటే ముందు భావన తీసుకుంది. ఆ తర్వాత వచ్చింది నిజమైన ఏడుపు.

అప్పుడే గోపీచంద్ కారు ఆగింది. దారిలోనే పరామర్శ ఫోన్లు అందుకున్న గోపీచంద్ చేతిలో బంతిపూల దండ ఉంది. బురదలో నిలబడ్డ సాయిప్రసాద్‌ను చూసి ఆయన మొహంలో సంతోషం కనిపించలేదు.

"బతికే ఉన్నావా? నువ్వింకా సెలవులోనే ఉన్నావనీ, మాకేం సంబంధం లేదనీ నలుగురికి చెప్పి వచ్చానయ్యా!"

పైకెక్కి టార్పాలిన్ ఎత్తి చూశాడు. రత్తయ్య కుర్చీలోంచి లేవకుండానే నమస్కారం పెట్టాడు. గోపీచంద్ నారును చూసి కిందికి దిగాడు.

"మార్కింగ్ అవుతోందన్నావే. నారు పోసినందుకు కాదు, నాతో అబద్ధం చెప్పినందుకు. టేపు ఇచ్చెయ్. రేపట్నుంచి రావద్దు."

సాయిప్రసాద్ టేపు ఇచ్చేశాడు. భావన వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఆ రోజు మొదటిసారి ఆమెకు ఏదీ ముద్దు రాలేదు. ఇద్దరూ బండి దగ్గరికి నడిచారు.

చావు చూడటానికి వచ్చిన జనానికి చావు దొరకలేదు. ఊరికే పోవడమెందుకని ఒక్కొక్కరే మెట్లెక్కి స్లాబు చూస్తున్నారు. వాళ్లలో సగం మంది పందులకు నారు పోగొట్టుకున్నవాళ్లే. రుద్రూర్ నుంచి వచ్చిన రైతు ఒకాయన కిందికి దిగి, బండి స్టార్టు చేస్తున్న సాయిప్రసాద్‌ను ఆపాడు.

"సారూ, ఒక్క పంది గుడ ఎక్కలేదటనే?"

"ఎక్కలేదు."

"మాకు గుడ గిసొంటిది ఒకటి పొయ్యరాదు? యాసంగి నాట్లకు అందాలె."

"నాగ్గూడ ఒకటి రాస్కో" అన్నాడు ఇంకొకాయన. ఆయన వెనక మరో ఇద్దరు చేతులెత్తారు.

గోపీచంద్ చెవులు రిక్కించాడు. గబగబా వచ్చి, చేతిలో వాడిపోతున్న బంతిపూల దండ సాయిప్రసాద్ మెడలో వేసి, టేపు అతని జేబులో పెట్టాడు.

"ఎక్కడికయ్యా పోతావు? పెద్దమనుషులు అడుగుతుంటే! మా ఇంజనీరేనండీ. దండ అతనికోసమే తెచ్చాను."

ఆ రోజు సాయంత్రానికి నాలుగు స్లాబులు ఖాయమయ్యాయి. వాటి కింద గోడలు కావాలన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.