స్కెల్‌వుడ్ స్కూల్లో స్వకీయత అమలైన విధం

గత సెప్టెంబరు మొదటి సోమవారం నుంచి స్కెల్‌వుడ్ పట్టణంలో మానవ మెదడు అమల్లోకి వచ్చింది. అంతకుముందు మా సెకండరీ స్కూల్లో పిల్లలు దేనితో చదువుకున్నారో, మేం దేనితో పాఠాలు చెప్పామో విద్యాశాఖ సర్క్యులర్‌లో రాయలేదు. నేనిక్కడ చాలాకాలంగా లెక్కలు చెబుతున్నాను కాబట్టి ఆ సంగతి తల్చుకుంటే కొంచెం కంగారుగానే ఉంటుంది.

మెదడును ప్రారంభించడానికి డాక్టర్ రూపర్ట్ పెన్నెల్ స్వయంగా వచ్చారు. ఆయన హోదా ప్రాంతీయ నాడీ సంక్షేమ, స్వకీయతా సంచాలకులు. (స్వకీయత అంటే ఇది నా చోటు, వీళ్లు నావాళ్లు అనిపించడం. అలా అనిపించడానికి ఇంతకాలం ఒక అధికారి అంటూ లేకపోవడం వ్యవస్థలో పెద్ద లోపమే.) ఆయన డాక్టరేటు క్రీడాదుస్తుల అమ్మకాల మీద. అయితే చేతిలో గులాబీరంగు దూది మెదడు ఉండడంతో ఆ ప్రస్తావన ఎవరూ తీసుకురాలేదు.

హాల్లో హీటర్లు పనిచెయ్యడం లేదు. కోట్లు విప్పకుండానే కూర్చున్నాం. పెన్నెల్ గారు బొమ్మ మెదడు జిప్పు లాగి, లోపలి నుంచి బాదంగింజంత ముక్క తీసి చూపించారు. భయం, కోపం, దిగులు అన్నీ పుట్టేది ఇందులోనేనట. పిల్లవాడికి చదువు ఎక్కకపోయినా, టీచరు ఉద్యోగం వదిలేసినా ఆ తప్పు బాదంగింజదే. కిక్కిరిసిన క్లాసులు, కారే పైకప్పులు మెదడు లోపల ఉండవు. అందువల్ల శాస్త్రం వాటి జోలికి పోదు.

"చలి అనేది బయట లేదండీ. అది మీ మెదడు మీకు చెబుతున్న ఒక కథ," అన్నారాయన.

వెనక వరసలోంచి విన్ హెబ్డెన్ చెయ్యెత్తింది. భూగోళం టీచరు. ఊళ్లో సగంమందికి ఉత్తరం ఎటో చూపించింది ఆవిడే.

"హీటరు బాగుచేయిస్తే నా బాదంగింజ ఇంకో మంచి కథ చెబుతుందేమో. చూడకూడదా?"

హాలంతా గొల్లుమంది. పెన్నెల్ గారు కూడా నవ్వి ఫోనులో ఏదో రాసుకున్నారు. ఆయన రాసుకున్న మాట 'ప్రతిఘటన' అని తర్వాత తెలిసింది.

విన్ క్లాసుగది నా గది పక్కనే. భోజనాల హాల్లో పక్కన కూర్చోవడానికి ఎవరూ దొరకని పిల్లలు మధ్యాహ్నం పూట అక్కడికి చేరేవారు. వాళ్లను ఆవిడ పిలిచిందీ లేదు, పొమ్మన్నదీ లేదు. ఒక పాత టోస్టరు, రొట్టె, వెన్న బల్ల మీద పెట్టి తన పేపర్లు తను దిద్దుకునేది. "వచ్చావా? తలుపెయ్యి, గాలొస్తోంది." స్వాగతం మొత్తం అంతే.

తమ్సిన్ అనే పదమూడేళ్ల పిల్ల అలా వచ్చిందే. తల్లి పోయాక పిన్ని దగ్గర ఉండడానికి ఈ ఊరొచ్చి, చదువు మధ్యలో మా స్కూల్లో చేరింది. ఏ క్లాసులోనూ నోరు విప్పేది కాదు. నేను లెక్క అడిగితే బల్లకేసి చూసేది. ఒకరోజు విన్ గదిలో రొట్టె పొగ లేచింది.

"మిస్, మాడిపోతోంది," అంది తమ్సిన్.

విన్ తల కూడా ఎత్తలేదు. "మాడుతుంటే తియ్యాలి గాని, చూస్తూ కూర్చుంటావేమే తల్లీ?"

ఆ రోజు నుంచి టోస్టరు తమ్సిన్ సొంతమైపోయింది. ఎవరికి వెన్న కావాలో, ఎవరికి అక్కర్లేదో అడిగేది. చివరి ముక్క కోసం జోయెల్ అనే కుర్రాడితో "నిన్న నువ్వే తిన్నావురా తిండిపోతూ!" అని గొంతు చించుకుంటుంటే, గోడ ఇవతల నేను భోజనం ఆపి మరీ విన్నాను.

శరదృతువు సెలవుల తర్వాత తనిఖీ బృందం వచ్చింది. ఆ గదిలో అనుమతి లేని స్వకీయత జరుగుతోందని తేల్చింది. కరిగిన వెన్న వాసన పిల్లల్లో ప్రమాణీకరించని జ్ఞాపకాలు రేపుతుందని నివేదికలో రాసింది. టోస్టరు స్వాధీనమైంది. మధ్యాహ్నాలు గదికి తాళం పడింది.

బదులుగా మా స్టాఫ్‌రూమును అధికారిక స్వకీయతా గదిగా మార్చారు. (టీచర్ల సంక్షేమం మరిచారనుకోకండి. మేం టీ తాగడానికి కారు పార్కింగు కేటాయించారు. ఆరుబయటి గాలి మెదడుకు మేలు.) గదిలో నీలం దీపం, ఒక మెత్తటి సంచీ కుర్చీ, స్పీకర్లో తిమింగలాల పాట. యాప్‌లో బుక్ చేసుకోవాలి. పక్కన ఇంకో మనిషి ఉంటే బాదంగింజ అదురుతుంది కాబట్టి ఒకసారికి ఒక్కరికే ప్రవేశం. ఆ విధంగా మా విద్యార్థులు ఒక్కొక్కరే, తలుపు వేసుకుని, స్వకీయత పొందసాగారు.

రోజూ పొద్దున్నే యాప్‌లో తమ మనసు రంగు నొక్కడం కూడా తప్పనిసరైంది. ఆకుపచ్చ నొక్కితే క్లాసుకి వెళ్లొచ్చు. మరే రంగైనా సరే, పర్యవేక్షకుడి ముందు నిలబడి పూర్తి వాక్యాల్లో వివరించాలి. వారం తిరక్కుండా స్కూలంతా ఆకుపచ్చగా మారింది. పెన్నెల్ గారు ఆ ప్రగతిని వేరే జిల్లాల్లో చూపించి వచ్చారు.

తమ్సిన్ మాత్రం రోజూ బూడిదరంగే నొక్కేది. వివరించమంటే వివరించేది కాదు. నేర్చుకోవడానికి సిద్ధంగా లేని మెదడని నిర్ధారించి, అది సిద్ధమయ్యేదాకా క్లాసులకు రానివ్వకుండా ఆ పిల్లని నీలం గదిలో తిమింగలాలకు అప్పగించారు.

విన్ తిన్నగా హెడ్‌మాస్టరు కీత్ గార్‌సైడ్ దగ్గరికి వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. కీత్ ఒకప్పుడు ఆవిడ విద్యార్థి.

"ఒరేయ్ కీత్, ఆ పిల్లకి కావలసింది రొట్టె ముక్క, తగువాడుకోడానికి నలుగురు పిల్లలు. చేపలూ గీపలూ కాదు."

"తిమింగలం చేప కాదు మిస్."

"నీకు చెప్పింది నేనే. గది తాళం ఇవ్వు."

"నాకు తెలీదా మిస్? నేనూ మీ గదిలో తిన్నవాణ్ణే. కానీ ఇస్తే పెన్నెల్ గారి శాఖ మన స్కూలుకిచ్చిన గుర్తింపు పోతుంది. గుర్తింపు పోతే గ్రాంటు ఆగిపోతుంది."

"ఆ గ్రాంటుతో హీటర్లు వేయిస్తావా?"

కీత్ కిటికీలోంచి బయటికి చూశాడు. "అది పెన్నెల్ గారి శిక్షణకే సరిపోతుంది మిస్. మీరు బాగా అలసిపోయారు. మీ పేరు సహనశక్తి తరగతికి రాశాను. మధ్యాహ్నం భోజనాల వేళకి."

విన్ ఆ తరగతికి వెళ్లలేదు. ఫ్లాస్కుల్లో టీ, రొట్టెల పొట్లం పట్టుకుని గేటు బయటి బస్ షెల్టరులో కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరే చేరారు. తమ్సిన్ కూడా నీలం గది తలుపు తెరుచుకుని వచ్చేసింది. వాన ఏటవాలుగా కొడుతోంది. రొట్టె మీద నీళ్లు పడితే అది సూపేనన్నాడు జోయెల్. తమ్సిన్ పకపకా నవ్వింది.

పెన్నెల్ గారు గొడుగేసుకుని వచ్చారు.

"తమ్సిన్, ఇప్పుడు నీకు ఏ రంగుగా ఉందమ్మా?"

"చలిగా ఉంది."

"చలి రంగు కాదు కదా. నీలమా? బూడిదా?"

"చలేస్తోందని చెబుతున్నాగా! ఆ గొడుగు కాస్త ఇటు పట్టండి, మిస్ తడిసిపోతోంది."

అధికారులతో ఆ పిల్ల మాట్లాడ్డం అదే మొదలు. పెన్నెల్ గారు గొడుగును ఫోను మీదికి వంచి, 'బాదంగింజ తీవ్ర ఉద్రేకంలో ఉంది' అని నమోదు చేశారు.

విద్యార్థులను స్వకీయతా సరిహద్దు దాటించిన నేరానికి విన్‌ను మెదడు విశ్రాంతి కోసం ఇంటికి పంపారు.

"నా మెదడు బాగుపడిందని నాకెవరు చెబుతారు?" అని అడిగింది ఆవిడ.

"మేమే తెలియజేస్తాం," అన్నారు పెన్నెల్ గారు. ఇంతవరకూ తెలియజెయ్యలేదు.

మర్నాడు తమ్సిన్ షెల్టరులో ఒక్కతే కూర్చుంది. భోజనాల వేళ అయిపోయిందని గంట మోగాక, వచ్చిన బస్సేదో ఎక్కి వెళ్లిపోయింది. మళ్లీ స్కూలుకి రాలేదు. వాళ్ల పిన్ని వచ్చి ఆఫీసు కిటికీ దగ్గర నిలబడింది. "ఇప్పుడిప్పుడే ఇంట్లో కూడా మాట్లాడుతోందండీ. మళ్లీ నోరు మూసేసుకుంది. ఏం చేశారు మీరు దాన్ని?" గుమస్తా ఆవిడకు బాదంగింజ గురించిన కరపత్రం ఇచ్చింది.

వసంతకాలంలో ప్రాంతీయ స్వకీయతా పురస్కారం కోసం సర్వే జరిగింది. దానికి ముందుగా, బడికి రాని కారణంగా తమ్సిన్ పేరు రిజిస్టరులోంచి కొట్టేశారు. పురస్కారం మాకే వచ్చింది. ఇక్కడ నాకు చోటు లేదు అని చెప్పే విద్యార్థి మా స్కూల్లో ఒక్కరు కూడా లేరు.