మలాకీ మంద

ఆ సోమవారం పొద్దున్నే మలాకీ గడ్డం గీసుకుని, ఇంటి ముందు గోడకు సున్నం కొట్టి, ఇరుగుపొరుగు దగ్గర ఆరు ఆవులను అరువు తెచ్చుకున్నాడు. తనకున్నది ఒక్కటే. పొలం చూడటానికి పిల్ల తండ్రి వస్తున్నాడు మరి.

మా పడమటి ఐర్లండులో పొలమూ గొడ్డూ నచ్చితేనే సంబంధం ఖాయం. ఇంకో వారంలో ఉపవాస దినాలు మొదలైతే ఈస్టర్ దాకా పెళ్ళి ఊసే ఉండదు. అంతటితో పోదు. ఉపవాసాల్లో మొదటి ఆదివారం పెళ్ళికాని మగవాళ్ళ కోట్ల మీద ఊళ్ళోవాళ్ళు ఎగతాళిగా సుద్దతో గీతలు గీస్తారు. ఇరవై ఏళ్ళుగా మలాకీ వీపు ఆ గీత తప్పించుకోలేదు.

"నువ్వు నోరు మెదపకు. అంతా నేను చూసుకుంటా," అన్నాడు ఊరి పెళ్ళిళ్ళ పేరయ్య థాడీ. అరువు ఆవుల ఆలోచన కూడా ఆయనదే.

ఫెస్టీ, ఆయన కూతురు సబీనా గుర్రబ్బండి దిగారు. ఫెస్టీ చేతికర్రతో నేల పొడిచి చూశాడు. ఆవులను లెక్కపెట్టి, ఏడు తేలాక మీసం దువ్వాడు. సబీనాను చూసిన మలాకీకి మాత్రం లెక్కలేవీ గుర్తులేవు. టీలూ, గుడ్లూ, కబుర్లూ సాగి సాగి పాలు పితికే వేళయింది.

"అదేంటోయ్, ఆ ఆవు గట్టు దాటి పోతోంది?" అన్నాడు ఫెస్టీ కిటికీలోంచి చూస్తూ.

"నీళ్ళకండీ," అన్నాడు థాడీ.

"ఇంకోటి?"

"దానికి తోడండీ."

"మరి ఆ నాలుగూ?"

థాడీ గబగబా ఫెస్టీ కప్పులో టీ పోశాడు. మలాకీ ఇక ఉండబట్టలేకపోయాడు. "వాటి ఇళ్ళకు పోతున్నాయండీ. నాది ఆ మిగిలిందొక్కటే."

ఫెస్టీ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "అరువు ఆవులు చూపించి నా కళ్ళకు గంతలు కడతావా? పదవే సబీనా!"

మలాకీకి ఏడుపొక్కటే తక్కువ. ఫెస్టీ బండెక్కి కళ్ళెం లాగాడు. గుర్రం కుడి దారి పట్టింది.

"పెద్దాయనా, మీ ఊరు ఎడమవైపు గదండీ?" అన్నాడు థాడీ.

లాగినా, అదిలించినా, బతిమాలినా గుర్రం ఎడమకు తిరగలేదు. సబీనా నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎందుకు నాన్నా దాన్ని చంపుకు తింటావ్? దానికీ దాణా వేళయింది. దాని ఇల్లు అటేగా!"

ఫెస్టీ గుర్రం చెవుల వంక చూసి కళ్ళెం వదిలేశాడు. తర్వాత నెమ్మదిగా కిందికి దిగాడు.

"ఒంటిమీది కోటైనా సొంతమేనాండీ?" అడిగాడు థాడీ.

"మా బాబాయిది," అంది సబీనా.

"ఆ టీ ఇంకా వేడిగా ఉందా?" అంటూ ఫెస్టీ లోపలికి నడిచాడు.

సబీనా గట్టు దగ్గర నిలబడింది. "ఆ ఒక్కావూ ఎలాంటిది?"

"పాలకు తిరుగులేదు. కాస్త తన్నుతుంది," అన్నాడు మలాకీ నిజాయితీగా.

"అయితే దానికీ నాకూ పడుతుంది."

ఉపవాసాలకు ముందురోజే పెళ్ళయిపోయింది. ఆ ఆదివారం మలాకీ కోటు మీద మరక లేదు. థాడీ కోటు మీద మాత్రం, ఏటా పడే గీతే మళ్ళీ పడింది.