బీరువాలో ధరణి గొంతు

మోకాలి ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు ధరణి చెవి దుద్దులు, పట్టీలు తీసి తల్లి చేతికిచ్చి, గొంతు మాత్రం తీసి కవర్లో పెట్టి, ఇంటికి వెళ్లేదాకా నర్సుల బీరువాలో భద్రపరిచారు. అందులో వింతేమీ లేదు. గుంటూరులో ఆ ఎముకల ఆసుపత్రి పద్ధతే అది. పద్దెనిమిది నిండని పేషెంట్ల తరఫున ఎలాగూ తోడున్నవారే మాట్లాడతారు కనుక, పిల్లల దగ్గర గొంతు ఉంచడం అనవసరమని గోడమీద బోర్డు కూడా పెట్టారు. నూట నలభై గ్రాములని తూచి, రసీదు రాసి, తల్లి నాగమల్లేశ్వరి చేత మూడుచోట్ల సంతకం పెట్టించుకున్నారు.

నాగమల్లేశ్వరి పాలలో నీళ్లు వాసన చూసి పట్టేసే మనిషి. దుద్దులు కొంగున ముడేసుకుంది గానీ ప్రాణమంతా ఆ బీరువా మీదే పెట్టుకుంది. తాళంచెవి ఒకటే, నర్సులు ముగ్గురాయె. పక్క మంచం పిల్ల ఇంటికి పోతూ “వెళ్లొస్తాం ఆంటీ” అంటే, ఈ గొంతెక్కడో విన్నానే అని ఉలిక్కిపడింది. ఆ పిల్ల వెనకే లిఫ్టు దాకా వెళ్లి, ఇంకో రెండు మాటలు మాట్లాడించి, కాదని తేలాకే వెనక్కొచ్చింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తల్లి చేసిన చాకిరీకి వంక పెడితే కళ్లు పోతాయి. రెండు రోజులు కంటిమీద కునుకు లేకుండా జావ తాగించింది, జడ వేసింది, ఆయాని నమ్మక బెడ్‌పాన్ కూడా తనే తీసింది. నర్సు పూటపూటా వచ్చి పాపకి నొప్పెలా ఉందని తల్లినే అడిగేది. మా పిల్లకి ఓర్పెక్కువ, పర్లేదని తల్లి చెప్పేది. చార్టులో నొప్పి పదికి రెండు అని పడేది.

ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ధరణి కట్టు వైపు వేలు చూపించింది. తల్లి చెయ్యి పట్టుకుని కాలి దాకా లాగింది. చెంచాతో మంచం కడ్డీ మీద టకటకా కొట్టింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మరి అడగడానికి ధరణి దగ్గర ఏముంది? పిల్ల పరీక్షల గురించి బెంగ పెట్టుకుందని నాగమల్లేశ్వరి డాక్టరుకి వివరించింది. ఆయన బెంగకి మాత్ర రాశాడు.

మూడోరోజు ఆమె ఉండబట్టలేక కవరు తూచమంది. సరిగ్గా నూట నలభై గ్రాములు వచ్చింది. దాంతో ఆమె అనుమానం రెట్టింపయింది. లోకంలో ఏ తూకమైనా అంత సరిగ్గా ఉంటుందా? తోడున్నవారికి అనుమానమొస్తే ఒక్క నిమిషం తొడిగి చూపించాలని నిబంధన ఉంది. హెడ్ నర్సు కరుణమ్మ సీలు విప్పి, గొంతు ధరణికి పెట్టింది.

“అమ్మా, నువ్వు కాసేపు మాట్లాడకు,” అంది ధరణి. “కట్టు బిగుసుకుపోయింది. రెండ్రోజుల్నుంచి కాలు తిమ్మిరిగా ఉంది. నొప్పెంతుందో నన్నడగమను.”

నాగమల్లేశ్వరి భయపడినంతా అయింది.

“ఇది మా పిల్లది కాదండీ,” అంది. “పదహారేళ్లలో మా ధరణి నన్ను మాట్లాడొద్దని ఒక్కనాడన్లా. మార్చేశారు.”

తోడున్నవారి మాటే ఆఖరు మాట. కరుణమ్మ వాదించలేదు. తన మణికట్టు పట్టుకున్న ధరణి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, గొంతు తీసి, ‘తల్లి గుర్తుపట్టలేదు’ అని రాసి కింది అరలో పెట్టింది. ఆ అర నిండా కవర్లే. అన్నీ పదమూడు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలవి. వారానికి నాలుగైదు ఇలా మిగిలిపోతాయని కరుణమ్మ మామూలుగా చెప్పింది. పై అరలోంచి ఎవరి పేరూ రాయని చిన్న కవరొకటి తీసి, వీటిని మాత్రం ఏ తల్లయినా ఇట్టే గుర్తుపడుతుందంది. అది అరవై గ్రాములుంది.

తొడిగాక, పరీక్ష కోసమని, కరుణమ్మ మొట్టమొదటిసారి ధరణినే అడిగింది.

“నొప్పెలా ఉంది తల్లీ?”

ధరణి కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. పెదవులు బిగబట్టుకుంది. అయినా మాట బయటికి వచ్చేసింది.

“ఏం లేదండీ, బాగుంది. అమ్మనడగండి.”

“ఇదీ మా ధరణంటే,” అని నాగమల్లేశ్వరి కూతురి తల గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆనందంతో రసీదు మీద సంతకం పెట్టింది. కరుణమ్మ చార్టులో సున్నా వేసి పక్క వార్డుకి వెళ్లిపోయింది.

మూడు రోజుల్లో మొదటిసారి నాగమల్లేశ్వరికి ఎవరిమీదా అనుమానం లేదు. కట్టు కింద కూతురి కాలివేళ్లు నీలంగా కనిపిస్తే, ఏసీ చలికి కాబోలనుకుని, దుప్పటి లాగి జాగ్రత్తగా కప్పింది.