సవానా వితంతువు అభిప్రాయం

ఆ శనివారం హోయ్ట్ ప్రాథర్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. వేడి రొట్టెలు రెండు గ్రేవీలో ముంచుకుని తినడం, చెరువుకు పోయి నాలుగు జెల్ల చేపలు పట్టడం, మధ్యాహ్నం వరండాలో కునుకు తీయడం. వంటింట్లో అడుగు పెట్టగానే ఆ కార్యక్రమంలో మొదటి అంశమే రద్దయిందని అర్థమైంది. పొయ్యి మీద ఏమీ లేదు. భార్య ఐడెల్లా బల్ల ముందు ఫోను పట్టుకుని కొయ్యబారి కూర్చుని ఉంది.

"ఎవరైనా పోయారా?" అన్నాడు హోయ్ట్.

"నేనే" అంది ఐడెల్లా.

జార్జియాలో పీకన్ గింజల తోటల మధ్య ఉన్న హాలర్డ్ అనే ఆ ఊళ్లో ఐడెల్లా ముప్ఫయ్యేళ్లు బడి ఆఫీసులో గుమాస్తాగా పనిచేసింది. ఉద్యోగం అయిపోయాక నాలుగేళ్లు కూర్చుని ఒక నవల రాసింది. పేరు 'టిల్మన్ ఇంటి వరండా'. నూలుమిల్లు కార్మికుడి కూతురు రోజలీ, పెద్ద తోటల ఆసామి కొడుకును ప్రేమించి ఆ ఇంటి కోడలవుతుంది. అన్నదమ్ముల తగవులు, ఒక గాలివాన, ఒక పొలం తగాదా అయ్యాక అంతా సుఖంగా ముగుస్తుంది. ఐడెల్లా తండ్రి నూలుమిల్లు కార్మికుడు. హోయ్ట్ వాళ్లది తోటల కుటుంబం. కాబట్టి రోజలీ ఎవరో, అత్తగారు ఎవరో ఊళ్లో ఎవరూ అడగవలసిన పని లేకపోయింది.

పుస్తకం అమ్మే చోట అప్పటిదాకా ఆరుగురు పాఠకులు అభిప్రాయాలు రాశారు. ఆరుగురూ ఐదుకు ఐదు నక్షత్రాలు ఇచ్చారు. ఆరుగురూ బంధువులే. ఆ పొద్దున ఏడోది వచ్చింది. రెండు నక్షత్రాలు.

ఐడెల్లా చదివి వినిపించింది. "ప్రేమకథ బాగానే ఉంది. తోట, వాన, తగవులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కానీ ఆ అత్తగారు శుద్ధ అబద్ధం. రాసినావిడకు నిజం రాసే ధైర్యం లేదు. అది లేనప్పుడు రాయకూడదు. ఇట్లు, మీ కౌంటీ పాఠకురాలు."

"ఒక్క మనిషి మాటకు ఇంత బాధెందుకే?"

"ఒక్క మనిషా? బంధువులు కాని మనుషుల్లో ఆవిడే మొదటిది! వందకు వంద మంది పాఠకులూ ఛీ అన్నట్టు లెక్క." ఐడెల్లా లేచి, సగం రాసిన రెండో నవల కాగితాలు తీసి పిండి డబ్బా వెనక అరలో తోసేసింది. "అయిపోయింది. ఇక రాయను. ఇది ఆ డార్నెల్ పనే. నా కేకు ఎండిపోయిందని కిందటేడు నలుగురిలో అన్నది చూడు, ఆవిడే."

డార్నెల్, వాళ్లంతా వెళ్లే చర్చిలో ఆడవాళ్ల పఠన బృందానికి పెద్ద. వచ్చే శనివారం కౌంటీ లైబ్రరీలో ఐడెల్లా పుస్తకం మీద సభ పెట్టిస్తున్నది కూడా ఆవిడే. హోయ్ట్ భయం వేరు. ఆ ముక్క తన తల్లి మిస్ యూలలీ కంట పడితే ఏమవుతుందో అతను ఊహించదలచుకోలేదు. ఊరంతా గౌరవంగా మిస్ అని పిలిచే ఎనభై ఆరేళ్ల యూలలీ, మనవరాలు కొనిచ్చిన పలకలాంటి కంప్యూటర్లో రోజూ పేకాట ఆడుతుంది. ముప్ఫయ్యారేళ్లుగా అత్తాకోడళ్లిద్దరూ ఒకరినొకరు చాలా మర్యాదగా చూసుకుంటున్నారు. ఆ మర్యాద చూస్తేనే హోయ్ట్‌కు చెమట పట్టేది.

చెరువు గట్టున ట్రక్కు ఆపుకుని, గాలం పక్కన పడేసి, హోయ్ట్ ఫోను తీశాడు. కరెంటు తీగలు బాగుచేసి బతికిన మనిషి. పెళ్లయ్యాక సరుకుల చీటీ కన్నా పొడవైనదేదీ రాసి ఎరగడు. కానీ ఐడెల్లా ఆ కాగితాలను అరలోకి తోసిన తీరు అతనికి కళ్లముందే ఉంది. గంటన్నర కష్టపడి ఇలా రాశాడు:

"నా పేరు క్లెమెంటైన్. సవానా నగరంలో ఉంటాను. వితంతువును. మా ఆయన ఆఖరి రోజుల్లో ఈ నవల చదివి వినిపించాను. మంగళవారం దాటడని డాక్టరు అన్నాడు. కథ ఏమవుతుందో తెలుసుకోవాలని ఆయన శుక్రవారం దాకా ఆగాడు. అత్తగారు పెళ్లికూతురి మెడలో తన ముత్యాల దండ వేసిన చోట నవ్వి కళ్లు మూశాడు. రాసిన తల్లికి దండాలు."

ఐదు నక్షత్రాలు పెట్టి పంపాడు. చేపలు పడలేదు గానీ, ఇంటికి వచ్చేసరికి వంటింట్లోంచి వేయించిన కోడి వాసన వస్తోంది.

"హోయ్ట్! ఇలా రా, కూర్చో, ఇది విను" అంది ఐడెల్లా. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. మొహం వెలిగిపోతోంది. "శుక్రవారం దాకా ఆగాడట, పాపం!"

"ఆగాడా!" అన్నాడు హోయ్ట్, కోడితొడ అందుకుంటూ.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఐడెల్లా డార్నెల్‌కు బుద్ధి రావాలని ఫోనులో ఆ అభిప్రాయం రెండుసార్లు చదివింది. డార్నెల్‌కు బుద్ధి రాలేదు, ఏడుపు వచ్చింది. ఆవిడ నోరు కాస్త పెద్దదే గానీ మనసు అంతకన్నా పెద్దది. మర్నాడు ఆదివారం ఆరాధనలో ఆవిడ లేచి ఆ ముక్క చదివేసరికి వెనక వరసల దాకా జేబురుమాళ్లు బయటికి వచ్చాయి. పాస్టరు క్లెమెంటైన్ కోసం ప్రార్థన చేశారు. హోయ్ట్ కళ్లు మూసుకుని తన కోసం చేసుకున్నాడు.

"సిస్టర్ ఐడెల్లా, ఆవిడను శనివారం సభకు పిలుద్దాం. అందరి ముందూ ఆవిడే మాట్లాడాలి" అంది డార్నెల్. ఐడెల్లా ఆ అభిప్రాయం కిందనే రమ్మని జవాబు రాసింది.

సోమవారం హోయ్ట్ ట్రక్కులో కూర్చుని, క్లెమెంటైన్‌కు మోకాళ్ల నొప్పులని, ప్రయాణం పడదని రాశాడు. అది చదివి ఇక అందరూ ఊరుకుంటారనుకున్నాడు.

బుధవారం డార్నెల్ ఇంటికే వచ్చింది. "ఆవిడ రాలేకపోతే మనమే పోదాం. రేపు పొద్దున్నే బయల్దేరదాం. పదకొండు మందిమి, పదకొండు వంటలు. బ్రదర్ హోయ్ట్, వ్యానులో ఆయిలు చూసుకున్నావా?"

చర్చి వ్యాను నడిపేది హోయ్టే.

"ఇల్లెక్కడో తెలీదుగా సిస్టర్?" అన్నాడు గొంతు సవరించుకుంటూ.

"మా చిన్నాన్న కొడుకు సవానాలో ఇరవయ్యేళ్లు ఉత్తరాలు పంచాడు. ఆ పేరు గల ముసలాళ్లు ముగ్గురున్నారట. మూడు తలుపులూ కొడదాం. ఒకటి మన క్లెమెంటైన్‌ది కాకపోతుందా!"

ముగ్గురు ముసలమ్మల గుమ్మాల ముందు, చేతుల్లో మాకరోనీ గిన్నెలతో ఏడుస్తున్న పదకొండు మంది ఆడవాళ్లు హోయ్ట్‌కు కళ్లముందు మెదిలారు. ఆ మధ్యాహ్నం ట్రక్కులోకి పోయి క్లెమెంటైన్‌ను చంపేశాడు.

"నేను క్లెమెంటైన్ చెల్లెల్ని. అక్క ప్రశాంతంగా పోయింది. గుండెల మీద ఈ పుస్తకమే ఉంది. ఎవరూ రావద్దని ఆఖరి కోరిక. వంటలు కూడా తేవద్దంది."

"వంటల సంగతి ఆవిడకెలా తెలిసింది?" అంది ఐడెల్లా, కళ్లు తుడుచుకుంటూ.

"పోయే ముందు కొంతమందికి అన్నీ తెలుస్తాయమ్మా" అంది డార్నెల్ గంభీరంగా.

అలా శనివారం పుస్తక సభ కాస్తా సంతాప సభ అయింది. లైబ్రరీ హాల్లో తెల్ల పూల చక్రం పెట్టారు. దాని మీద బంగారు అక్షరాలతో క్లెమెంటైన్ పేరు మెరుస్తోంది. వెనక బల్ల మీద పదకొండు వంటలూ వరసగా ఉన్నాయి. హోయ్ట్ తల్లిని రాకుండా చేయాలని పొద్దున్నుంచీ చూశాడు.

"ఎండ మండిపోతోందమ్మా. ఇంట్లో ఉండరాదూ?"

"ఎండ నాకు ఎనభై ఆరేళ్లుగా తెలుసు. టోపీ తే" అంది మిస్ యూలలీ. వచ్చి మొదటి వరసలో చేతికర్ర నిలబెట్టుకుని కూర్చుంది.

పాస్టరు మాట్లాడారు. డార్నెల్ మాట్లాడి ఏడ్చింది. తర్వాత ఐడెల్లా లేచింది. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది.

"నేను రాయడం మానేద్దామనుకున్నాను. క్లెమెంటైన్ రాసిన నాలుగు ముక్కలు నన్ను నిలబెట్టాయి. నా రెండో పుస్తకం ఆవిడకే అంకితం. మొదటి పేజీలో ఆవిడ పేరు, ఆవిడ భర్త ఆగిన ఆ మూడు రోజుల కథ అచ్చు వేయిస్తాను."

హోయ్ట్ మూడు అబద్ధాలు రాసి తట్టుకున్నాడు గానీ, ఐడెల్లా పుస్తకం మొదటి పేజీలో నాలుగోది అచ్చవుతుందంటే అతని వల్ల కాలేదు. లేచి నిలబడ్డాడు. టోపీ చేతుల్లో నలిగిపోతోంది.

"ఐడీ, ఆ పేరు వేయించొద్దు. క్లెమెంటైన్ పోలేదు."

"బతికే ఉందా!" అని డార్నెల్ కేక వేసింది.

"లేదు సిస్టర్. పుట్టనే లేదు. ఆవిడా నేనే, చెల్లెలూ నేనే. మోకాళ్ల నొప్పులు మాత్రం నిజంగా నావే."

డార్నెల్ కళ్లు తుడుచుకుంటున్న రుమాలు కిందికి దించింది.

"అయితే వారం రోజులు నేను ఏడ్చింది ఎవరి కోసం, బ్రదర్ హోయ్ట్?" అంది డార్నెల్.

"నాకోసం అనుకో సిస్టర్. నాకూ అవసరమే."

ఐడెల్లా అతన్ని తిట్టలేదు. అదే హోయ్ట్‌కు కష్టమైంది. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "అంటే ఈ కౌంటీలో నా పుస్తకం గురించి నిజం రాసింది ఆ రెండు నక్షత్రాల మనిషి ఒక్కతే అన్నమాట" అంది మెల్లగా. "సిస్టర్ డార్నెల్, రాస్తే రాశావు, అందులో తప్పు లేదు. కానీ..."

"నేనా? అయ్యో దేవుడా కాదు, బైబిల్ మీద ఒట్టు! కేకు సంగతి నోటితోనే అన్నాను. ఏదైనా నోటితోనే అంటాను."

మొదటి వరసలో చేతికర్ర నేలమీద రెండుసార్లు తాటించిన చప్పుడైంది.

"నేను రాశాను" అంది మిస్ యూలలీ.

హోయ్ట్ కూలబడ్డాడు. "అమ్మా, నీకు పేకాటే వచ్చనుకున్నా!"

"నువ్వు నోరు మూసుకో. ఆడదానివై రాసినంత సేపూ బాగానే రాశావు" అంటూ ఆవిడ కర్ర ఊతంతో లేచి కోడలి వైపు తిరిగింది. "పుస్తకంలో అత్తగారు పెళ్లికి పట్టుగుడ్డ అంత మెత్తగా వచ్చింది. కోడల్ని కావలించుకుంది. ముత్యాలు తీసి మెడలో వేసింది. ఊరంతా చదివి నన్ను చూసి నవ్వుతున్నారు, ఎంత మంచిదానివి మిస్ యూలలీ అని. నేను నీ పెళ్లికి వచ్చానా?"

ఐడెల్లా సంచి పట్టీ సర్దుకుంది.

"చెప్పు. వచ్చానా?"

"రాలేదు మిస్ యూలలీ."

"రాలేదు. మిల్లువాళ్ల పిల్లని చేసుకుంటున్నాడని రాలేదు. చర్చి గంట వినిపిస్తూనే ఉంది. నేను మా ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని బుట్టెడు చిక్కుళ్లు వలిచాను. ఆ పూట మా ఇంట్లో ఎవరూ తినలేదు వాటిని."

ఐడెల్లా తలెత్తి చూసింది. "మీరు రాలేదు కాబట్టే రాశాను. పుస్తకంలోనైనా మీరు వస్తే చూడాలనిపించింది. మిమ్మల్ని బాధపెట్టాలని కాదు."

"అదే నా బాధ! ముప్ఫయ్యారేళ్లుగా నీకు ఆ మాట చెబుదామని చూస్తున్నాను. నువ్వు కాఫీ ఇస్తావు, కుర్చీ వేస్తావు, ఒక్క మాట అనవు. ఇప్పుడు నేను చేసిన తప్పు కూడా తుడిచేసి, దాని మీద ముత్యాలు పెట్టావు. తప్పే లేకపోతే నేను క్షమాపణ దేనికి అడగను?" మిస్ యూలలీ కర్రను నేలకు గట్టిగా ఆనించింది. "చిక్కుళ్ల సంగతి రాయి. ఎంత చెడ్డగా ఉంటే అంత బాగుంటుంది. చదివి మంచి నక్షత్రాలు ఇస్తానో లేదో అప్పుడు చూద్దాం."

ఐడెల్లా వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. కావలించుకోలేదు. ప్రాథర్ల ఇంట్లో ఆ అలవాటు పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. మిస్ యూలలీ సంచిలోంచి ఇస్త్రీ రుమాలు తీసి ఇచ్చింది. ఐడెల్లా తీసుకుంది. కాసేపటికి అదే రుమాలు మళ్లీ అత్తగారి చేతికి వెళ్లింది.

డార్నెల్ పూల చక్రాన్ని చూసింది, వంటల బల్లను చూసింది. "సరే, చనిపోయినవాళ్లు లేరు గానీ, బంగాళాదుంపల గిన్నె చల్లారిపోతోంది" అంది. అందరూ లేచారు. హోయ్ట్‌కు ఎవరూ వడ్డించలేదు. చివరికి ఐడెల్లాయే ఒక పళ్లెం నింపి తెచ్చింది.

"మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఆగాడా?" అంది పళ్లెం అందిస్తూ. నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంటోంది. "ఎక్కడ నుంచి తెచ్చావు ఆ ముక్క?"

"నువ్వు రాసింది చదువుతుంటే నాకూ అలాగే అనిపించింది ఐడీ. భోజనం కోసమే లేచాను."

రెండో నవల మర్నాడే పిండి డబ్బా వెనక నుంచి బయటికి వచ్చి, మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలైంది. ఏడాది తర్వాత అచ్చయింది. అందులో అత్తగారు పెళ్లికి రాదు. చర్చి గంట వింటూ వెనక మెట్ల మీద చిక్కుళ్లు వలుస్తుంది. ముప్ఫయ్యారేళ్ల తర్వాత నలుగురిలో లేచి ఆ మాట ఒప్పుకుంటుంది. రాసింది రాసినట్టు ప్రతి అధ్యాయమూ మిస్ యూలలీయే మొదట చదివింది. మంచితనం ఎక్కడ కనిపించినా ఎర్ర పెన్సిలుతో కొట్టేసింది.

ఈసారి బంధువులు కాని పాఠకులు నలభై ముగ్గురు అభిప్రాయాలు రాశారు. నవల అద్భుతమన్నారు. అత్తగారి పాత్ర మాత్రం మరీ కల్పించినట్టుందని అందరూ ముక్తకంఠంతో అన్నారు.