మంచు లోయలో షామియానా

ఆ రోజు క్రాంతి కుమార్ పథకం చాలా సులువైనది. ఉదయం శవాన్ని గడ్డకట్టించాలి, మధ్యాహ్నం దాన్ని సినిమాలో అతికించాలి, సాయంత్రంలోగా సినిమాను పోటీకి పంపాలి. గడువు ఆ సాయంత్రంతోనే ముగుస్తుంది. ఆర్నెల్లుగా తీస్తున్న ఆ పొట్టి సినిమాలో మిగిలింది ఒక్క షాటే: మనిషి జాడ లేని మంచు లోయలో, గాజులాంటి మంచు కింద కళ్లు తెరిచి పడి ఉన్న శవం.

యర్రగొండపాలెం పక్క పల్లెలో, అదీ మార్చిలో, మంచు ఎక్కడ దొరుకుతుంది? నేల మీద పరచడానికి పత్తి ఉంది. శవం వేషానికి స్నేహితుడు బెన్నీ ఉన్నాడు. గాజుకు మంచు పట్టాలంటే మాత్రం చనిపోయినవాళ్లను ఉంచే ఫ్రీజర్ బాక్స్ కావాలి. దాన్ని అద్దెకిచ్చే బుడే సాహెబ్‌కు క్రాంతి ఫోన్ చేశాడు.

"మామా, ఫ్రీజర్ బాక్స్ కావాల. మా ఇంటికే."

అవతల గొంతు తగ్గింది. "తెస్తా అల్లుడా. ధైర్యంగా ఉండు."

ఎవరికి అని ఆయన అడగలేదు. అక్కడ చావింటివాళ్లను ఎవరూ ఆ మాట అడగరు. వస్తారు, కూర్చుంటారు, ఏడుస్తారు. పోయిందెవరో మెల్లగా తెలుస్తుంది.

బాక్సుతో పాటు షామియానా, కుర్చీలు కూడా దిగాయి.

"ఇవెందుకు మామా?"

"బాక్సుతో ఇవి ఎట్లాగూ వస్తాయి. మేము చూసుకుంటాంలే. నువ్వు లోపలికి పో," అంటూ బుడే సాహెబ్ అతని వీపు నిమిరాడు. ఆయనకు సినిమాలంటే ఇంత ప్రేమా అనుకుంటూ క్రాంతి లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు.

ముఖానికి తెల్ల పౌడరు పూసుకుని బెన్నీ బాక్సులో పడుకున్నాడు. గాలి ఆడేలా క్రాంతి మూత ఓరగా ఉంచాడు.

"పళ్లు కొట్టుకుంటాండాయి రా."

"శవానికి పళ్లు కొట్టుకోవు. గమ్మునుండు."

కెమెరా ఆన్ చేశాడో లేదో, బయట పక్కింటి అన్నమ్మ శోకం మొదలుపెట్టింది. పొద్దున్నుంచీ క్రాంతి తల్లి సుశీలమ్మ ఆమెకు కనబడలేదు. అందుకని పోయింది సుశీలమ్మే అనుకుంది. చర్చి నుంచి వచ్చిన మగవాళ్లకు తండ్రి యోబు కనబడలేదు. వాళ్లు యోబు ఆత్మశాంతికి పాట అందుకున్నారు.

క్రాంతి తలుపు సందులోంచి అరిచాడు. "పెద్దమ్మా, కాసేపు నోరు మూసుకోండి. మీ గోలకు శవం కదులుతాంది."

పాట ఆగింది. తర్వాత శోకం రెండింతలైంది.

కబురు మిరపచేలకు పాకింది. కాయలు కోస్తున్న కూలీలంతా గంపలు పడేసి పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో సుశీలమ్మ కూడా ఉంది. తన ఇంటి ముందే షామియానా చూసింది. మొగుడో, కొడుకో. ఎవరని అడగకుండానే అన్నమ్మ పక్కన కూలబడి ఆమె మెడ పట్టుకుని ఏడ్చింది.

అన్నమ్మ కళ్లకు కొంగు అడ్డం పెట్టుకునే ఓదార్చింది. "ఏం చేస్తాంలే అమ్మా. మా సుశీల అట్లాంటి ఇట్లాంటి మనిషి కాదు. నోరు కొంచెం పెద్దది గానీ మనసు మంచిది."

"నా నోటికేమొచ్చింది వదినా?"

అన్నమ్మ కొంగు దించింది.

"ఎవురు పోయినారు వదినా?" అంది సుశీలమ్మ.

"నువ్వే," అంది అన్నమ్మ.

అంతలో మార్కాపురం పోయిన యోబు ఆటో దిగాడు. అతన్ని చూసి మగవాళ్లు పాట పుస్తకాలు మూశారు. ఇక పోయిందెవరో చెప్పగలిగింది లోపలున్న కొడుకొక్కడే. అందరూ తలుపు వైపు తిరిగారు. యోబు ఒక్క తన్నుతో గడియ ఊడగొట్టాడు.

బాక్సులోంచి తెల్లటి మనిషి లేచి కూర్చుని, "షాట్ అయిపోయిందా?" అన్నాడు.

సగం జనం వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చారు. సుశీలమ్మ కొడుకును కావలించుకుని, తర్వాత చెంప పగలగొట్టింది. యోబు చెప్పు కోసం వెతికాడు.

"నాయనా, పొద్దు గూకేలోపల పంపకపోతే ఆర్నెల్ల కష్టం మట్టిలో పోతాది," అని క్రాంతి దండం పెట్టాడు. "మీరంతా పక్కకు పోతే ఒక్క షాట్. అది మనిషనేవాడు లేని చోటు."

ఎవరూ కదల్లేదు. "చేలో కోతలు ఇడిసిపెట్టి వచ్చినాం," అన్నాడొకాయన. "ఎవురూ పోలేదంటే ఎట్ల?"

"నేను ఏడ్చిన ఏడుపు ఏం గావాల?" అంది అన్నమ్మ. "దాన్ని సినిమాలో పెట్టు. అప్పుడు లేస్తాం."

క్రాంతి గోడ మీద గడియారం చూశాడు, జనాన్ని చూశాడు, వణుకుతున్న శవాన్ని చూశాడు. కెమెరా ఎత్తాడు. మంచు పట్టిన గాజు మీదికి పల్లె పల్లెంతా వంగింది. అన్నమ్మ శోకం తీసింది. భయంతో బెన్నీ మొదటిసారి కదలకుండా పడుకున్నాడు.

సినిమా గడువులోపలే వెళ్లింది. అందులో సగం నటీనటుల పేర్లే.