సంచితో వచ్చిన ఆడపిల్ల

మధులతకు లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: కూతురు హరిణి తప్పిపోతుందని. ఆమె పాముకు భయపడదు, ఉరుముకు భయపడదు, అత్తగారికి కూడా ఓ మోస్తరుగానే భయపడుతుంది. కానీ ఐదేళ్ల హరిణి కాసేపు కంటికి ఆనకపోతే చాలు, పంజాగుట్టలోని ఆ రెండు గదుల ఫ్లాటులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది.

ఈ భయం ఉత్త పుణ్యానికి వచ్చింది కాదు. తన ఆరో ఏట బల్కంపేట బోనాల్లో మధులత స్వయంగా తప్పిపోయింది. గాజుల దుకాణం ముందు నిలబడి ఏడుస్తుంటే గుడి మైకులో తన పేరు వినపడింది, ఆ వెనకే తల్లి వచ్చి వీపు మీద ఒకటి వేసి ఎత్తుకుంది. ఇప్పుడు హరిణికి ప్రతి రాత్రీ అదే కథ, చివర్లో అదే నీతి. "తప్పిపోయినోళ్లు ఉన్న జాగల్నే నిలబడాలె. ఎతికేటోళ్లు మైకు కాడికి పోవాలె. ఏం చెప్పిన?" అని అడిగితే పిల్ల నిద్రలో కూడా తప్పు పోకుండా అప్పజెబుతుంది.

ఆ ఉదయం వాన వల్ల బడికి సెలవిచ్చారు. సోమవారం నాడు పిల్లలంతా తమ అమ్మ ఎక్కడ పెరిగిందో క్లాసులో చెప్పాలని టీచరమ్మ అంతకు ముందే చెప్పి ఉంది. భర్త ప్రవీణ్ లక్డీకాపూల్ ఆఫీసుకు వెళ్లాక, వాన కూడా తెరిపి ఇవ్వడంతో మధులతకు ఆలోచన వచ్చింది. అమీర్‌పేటలో తాను పెరిగిన గల్లీ పిల్లకు చూపించి, మధ్యాహ్నం అన్నం వేళకు తిరిగి వచ్చేయాలి. అంతే, పెద్ద పనేం కాదు.

కానీ మధులత గడప దాటాలంటే సంచి సర్దాలి. హరిణికి మార్చడానికి మూడు గౌన్లు, తువ్వాలు, స్వెట్టరు, గొడుగు, ఫ్లాస్కులో వేడినీళ్లు, జ్వరం మందు, దగ్గు మందు, అరటిపళ్లు, ఒకవేళ ఎక్కడైనా ఆగిపోవాల్సి వస్తే ఉంటుందని ఒక దుప్పటి. జిప్పు పడలేదు. మోకాలితో అదిమి వేసింది. తర్వాత పిల్ల మోచేతి కింద తన ఫోను నంబరు పెన్నుతో పెద్దగా రాసింది. మెట్రోలో ఒక్క స్టేషనే అయినా, తలుపులు తమ ఇద్దరి మధ్య మూసుకుంటే గతేమిటని ఆటో ఎక్కింది.

దేశమంతా చదువుకోవడానికి వచ్చే అమీర్‌పేటలో పుట్టి, తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన మనిషి మధులత. కోచింగు సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న రోడ్డు దాటి, టీ కొట్టు పక్క సందులోకి తిరిగితే ఆ గల్లీ ఇంకా సగం మిగిలే ఉంది. వాళ్ల అమ్మానాన్నలు అద్దె ఇల్లు వదిలి తమ్ముడితో మేడ్చల్ వెళ్లిపోయారు కాబట్టి అక్కడ పుట్టిల్లంటూ లేదు. పుట్టిల్లు లేకపోయినా గల్లీ ఉంది. చిన్నప్పుడు ఆ గల్లీలో పిల్లల్ని ఎవరూ వెతికేవారు కాదు. మధ్యాహ్నం ఎవరి ఇంటి ముందు ఆడుకుంటుంటే ఆ ఇంట్లో తినడమే. సాయంత్రం తల్లులు నల్లా దగ్గర చేరి, "మీవాడు మా ఇంట్ల పప్పు తిన్నడు," "మీ పిల్ల మా ఇంట్ల మక్క గారెలు తిన్నది," అని పిల్లల్ని అప్పజెప్పుకునేవారు.

ఆ గల్లీకి మరో అలవాటు కూడా ఉంది. పెళ్లయిన ఆడపిల్ల పనిదినాన, పొద్దున్నే, మొగుడు లేకుండా, పెద్ద సంచితో వస్తే ఏమైందని ఎవరూ అడగరు. ముందు తలుపు వేస్తారు, తర్వాత అన్నం పెడతారు. ఈ సంగతి మధులతకు తెలియంది కాదు. అయితే అది మిగతా ఆడపిల్లల సంగతి అనుకుంది.

వాకిట్లో కోళ్లకు నూకలు చల్లుతున్న పాత పొరుగామె మగ్దలీనమ్మ ముందు హరిణిని చూసింది, తర్వాత మధులతను చూసింది, ఆ తర్వాత చాలాసేపు సంచిని చూసింది.

"ఏం బిడ్డా, అల్లుడు రాలేదా?"

"ఆఫీసుకు పోయిండు పెద్దమ్మా."

"నువ్వొచ్చిన సంగతి ఎర్కేనా?"

"ఎక్కడ? పొద్దుగాల అనుకున్న, సంచి సర్దుకున్న, వచ్చేసిన."

ఎదురింటి గడపలో బియ్యం ఏరుతున్న భూలక్ష్మి చేట పక్కన పెట్టి లేచింది. ఇక చాలాసేపటి దాకా ఆ బియ్యం ఎవరూ ఏరలేదు.

మగ్దలీనమ్మ ఇద్దరినీ తన ఇంట్లోకి తీసుకుపోయి తలుపు వేసి, హరిణి చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. ఫోను నంబరు తూములోకి పోయింది. ఇద్దరికీ పప్పన్నం పెట్టింది. తింటూ మధులత తలుపు చట్రం వైపు చూసింది. గల్లీ పిల్లలందరి ఎత్తులూ ప్రతి క్రిస్మస్‌కు మేకుతో గీసిన చట్రం అది. "మధు" అన్న గీతలు ఒకదాని మీద ఒకటి ఎదుగుతూ వచ్చి ఒకచోట ఆగిపోయాయి. అమ్మకు జబ్బు చేసి, బడి మానేసి, తమ్ముణ్ని చంకనేసుకుని ఇంట్లో కూర్చున్న ఏడు అది. ఆ క్రిస్మస్‌కు గీత గీయించుకోవడానికి కూడా తీరిక దొరకలేదు. మధులత కళ్లలో నీళ్లు తిరిగాయి.

మగ్దలీనమ్మ, భూలక్ష్మి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అల్లుడు మంచిగ చూస్కుంటుండా?" భూలక్ష్మి గొంతు తగ్గించి అడిగింది.

"ఆయన సంగతి అడగకు అత్తా. ఆదివారం వస్తే మంచం దిగడు. జర పిల్లను చూడమంటే అదే పెద్ద పని," అంటూ మధులత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇంకేం కావాలి? భూలక్ష్మి పెరటి దారిన పోయి భర్త ఐలయ్యను పిలుచుకొచ్చింది. మధులత పెళ్లి మాటల్లో మధ్యవర్తిగా కూర్చున్న పెద్దమనిషి ఆయన. భుజాన కండువా వేసుకుని మరీ వచ్చాడు. పిల్లల ముందు ఇలాంటి మాటలు కూడదని భూలక్ష్మి హరిణిని ముంగిట్లో కూర్చోబెట్టి, "నేను చూస్తుంట తియ్," అని మధులతకు చెప్పింది. చెప్పిన మాట ప్రకారం కాసేపు చూసింది కూడా. కానీ లోపల కథ ఎంతవరకు వచ్చిందో తెలియక ప్రాణం ఆగలేదు. లోపలికి వచ్చి తలుపు వేసింది.

ఐలయ్య అప్పటికే పెరట్లో నిలబడి ప్రవీణ్‌కు ఫోను చేస్తున్నాడు.

"అల్లుడా, పిల్ల సంచి సర్దుకొని వచ్చింది. కండ్లల్ల నీళ్లు ఆగుతలెవ్వు. మేం అంత విన్నం. ఇగ దాచి ఏం ఫాయిదా లేదు, నీ తప్పేందో నువ్వే చెప్పు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ప్రవీణ్ అవతల గడగడా మొత్తం చెప్పేశాడు. ఐలయ్య లోపలికి వచ్చి కండువా సవరించుకున్నాడు.

"ఒప్పుకున్నడు బిడ్డా. గొడవ ఒడిసినట్టే. బయల్దేరిండు, వస్తుండు."

"ఏం ఒప్పుకున్నడు మామా? ఎవల గొడవ?" మధులత చేతిలోని గ్లాసు అక్కడే ఆగింది.

"అదే, ఆదివారం సంగతి. నువ్వు బజారుకు పోతే పిల్లను చూడమంటవంట. ఆయన పంటడంట. పిల్ల మెట్లు దిగి ఒక్కతే వాచ్‌మన్ మొగిలయ్య ఇంటికి పోయి జొన్నరొట్టె తిని, నువ్వొచ్చేలోపట మళ్ల ఇంట్ల ఉంటదంట. ఏడాది సంది."

మధులతకు మొదట ఆ మాటలు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది. "హరిణి ఏదీ?"

ముంగిలి ఖాళీగా ఉంది.

జరిగింది చాలా చిన్న విషయం. హరిణి ఒక కోడిపిల్ల వెనక సందు మలుపు దాకా వెళ్లి వచ్చింది. వచ్చి చూస్తే ఏ తలుపో తెలియలేదు. పోయిన బోనాలకు గల్లీ వాళ్లంతా కలిసి రంగు తెచ్చుకుని అన్ని తలుపులకూ ఒకే నీలం వేశారు. అన్నీ మూసి ఉన్నాయి. రెండు తలుపులు తట్టింది. రెండిళ్లలోనూ బయటికి వచ్చి, ఎవరి పిల్లవని అడగకుండానే తినడానికి ఏదో పెట్టారు. మమ్మీ మాత్రం ఎక్కడా లేదు. హరిణికి విషయం తేటతెల్లమైంది.

ఇక్కడ మధులత చెప్పుల్లేకుండా గల్లీలోకి దూకింది. "నా బిడ్డను చూసిండ్రా?" అంటే మొదటి ఇంట్లో, "మా ఇంట్ల సర్వపిండి తిని పోయింది గదా," అన్నారు. రెండో ఇంట్లో, "ఇప్పుడే అటుకులు తిన్నది. నువ్వు మధు గదా? వచ్చి తినకుండ పోతవా?" అని ఆమె చేతిలోనూ అటుకులు పోశారు. పిడికిట్లో అటుకులతో, బుగ్గల మీద కన్నీళ్లతో ఆమె మలుపు దాకా పరుగెత్తింది. వెనకాల మగ్దలీనమ్మ యేసయ్యను, భూలక్ష్మి ఎల్లమ్మను పిలుస్తూ వస్తున్నారు. ఐలయ్య కండువాను ఎవరూ పట్టించుకోవడం లేదు.

అప్పుడు రెండు సందుల అవతల నుంచి, పొద్దస్తమానం గల్లీల్లో తిరిగే ఉల్లిగడ్డల ఆటో మైకు వినపడింది. "ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, ఎల్లిగడ్డ..." అన్న రికార్డు మధ్యలో గరగరమని ఆగింది. ఆటో నడిపే విజయేందర్ గొంతు సవరించుకున్నాడు.

"అన్నలు, అక్కలు, జర ఇటు వినుండ్రి. ఒక తల్లి తప్పిపోయింది. పచ్చ చీర, పెద్ద సంచి. పేరు మధులత. ఊకె గాబరా పడ్తదట. ఎవలకన్న దొరికితే కూసోబెట్టి ఇన్ని మంచినీళ్లియ్యుండ్రి. బిడ్డ నా ఆటోలనే ఉన్నది, ఎతుకుతున్నది."

వెంటనే ఇంకో గొంతు, మైకుకు మరీ దగ్గరగా: "మమ్మీ! ఏడ్వకు. ఉన్న జాగల్నే నిలబడు. నేనొస్తున్న!"

మధులత కాళ్లు ఆ గొంతు వైపు పరుగు తీయబోయాయి. నీతి గుర్తొచ్చి ఆగింది. ఎక్కడికీ కదలకుండా, పాత నల్లా ఉండే చోటే, పిడికిట్లో అటుకులతో నిలబడింది. బతుకులో ఆమె చేసిన కష్టమైన పనుల్లో అదొకటి. ఆటో ఆ సందంతా నెమ్మదిగా తిరిగి, ఇద్దరు ముగ్గురికి ఉల్లిగడ్డలు కూడా తూచి, చివరికి ఆమె ముందు ఆగింది. హరిణి బస్తాల మీద కూర్చుని క్యారెట్ కొరుకుతోంది. దిగి వచ్చి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెయ్యి వదలొద్దని నువ్వే చెప్తవ్ కదా మమ్మీ?"

మధులత పిడికిట్లోని అటుకులు కొంగులో పోసుకుంది. పిల్లను ఎత్తుకుని ముఖం మెడలో దాచుకుంది. పిల్ల తల్లి వీపు మీద మెల్లగా తట్టింది.

సరిగ్గా అప్పుడే ప్రవీణ్ వచ్చాడు. చేతిలో మల్లెపూల పొట్లం, రాజీకి కావలసిన ముఖం అన్నీ సిద్ధం చేసుకుని మరీ వచ్చాడు. మధులత పిల్లను దించింది.

"ఏడాది సంది?" అంది.

లేని గొడవను తీర్చడానికి కూర్చున్న పెద్దమనుషులు, అసలు గొడవ మొదలయ్యాక ఒక్కరూ నిలబడలేదు. "మొగుడు పెండ్లాల నడుమ మనకేం పని?" అంటూ ఐలయ్య కండువా దులుపుకున్నాడు. భూలక్ష్మికి బియ్యం గుర్తొచ్చాయి. మగ్దలీనమ్మ మాత్రం హరిణిని లోపలికి తీసుకుపోయి, చట్రానికి ఆనించి, తల్లి చిన్నప్పటి గీతల పక్కనే మేకుతో ఒక కొత్త గీత గీసింది.

సోమవారం క్లాసులో హరిణి చెప్పింది: "మా మమ్మీ చిన్నప్పుడు తప్పిపోయింది. మొన్న మళ్ల తప్పిపోయింది. నేనే తెచ్చిన."

మధులత ఇప్పుడు సంచిలో రెండు గౌన్లే పెడుతోంది. మిగతా భయం మాత్రం అలాగే ఉంది. కాబట్టి ఏ ఆదివారమైనా మీరు పంజాగుట్ట వైపు వెళ్తే, ఆ ఫ్లాటు బెల్లు ఒకసారి నొక్కి ప్రవీణ్ మేలుకుని ఉన్నాడో లేదో చూసి రండి. హరిణి గురించి దిగులు వద్దు, ఆమె ఎక్కడో ఒక చోట భోంచేస్తూనే ఉంటుంది.